పాదిరిగారి యింటి కథ

మేము కాపురముండునది భాగ్యనగరములోని మోతీనగరు. ఒకవైపున ఎర్రగడ్డ రైతుబజారును, మఱియొకవైపున బోరబండయు. కొంతదూరము పోయినచో చలనచిత్రములవారి జూబిలీహిల్సును, ఫిలింనగరును గలవు. ఆ మేడలలో నుండువారు మాకు తెలియరు గాని, వారి చిత్రములకు దుస్తులు కుట్టువారును, దీపములు మోయువారును, గుంపులో నిలుచువారును మా చుట్టుపట్ల పెక్కుమంది కలరు. మా ప్రక్కవాటాలోనివారు క్రైస్తవులు. ఇంటి యజమాని తన సంఘములో పెద్ద. ఇటీవల కన్నులకు శుక్లములు తీయించుకొని, వైద్యుని యాజ్ఞచేత కొన్నివారములు చదువు మాని కూర్చుండవలసి వచ్చినది. ఆయన చిన్నకుమార్తె కళాశాలలో చదువుకొనుచున్నది.

ఒకనాటి సాయంకాలము ఆ పిల్ల మా యింటికి వచ్చి, "వందనాలు అక్కా! నాకొక కథాపుస్తకము కావలెను. అందు దేవుడుండవలెను, ప్రేమయుండవలెను, నవ్వుండవలెను. ఏడ్పించు పుస్తకములు మా యింట చాలినన్ని కలవు. నాన్నగారికి రాత్రులందు వినిపింపవలెను" అని యడిగినది. నేను మా తాతగారియొద్ద భారతభాగవతములు చదువుకొన్నదానను. నా పెట్టెలోని పుస్తకములందు ప్రేమయు గలదు, నవ్వును గలదు, దేవుడును గలడు. కాని ఆ పిల్ల కోరిన దేవుడు వేఱు. ఏమి చెప్పుదునా యని నేను తడుముకొనుచుండగా, పిల్లల నోటుపుస్తకములు దిద్దుకొనుచున్న మావారు తల యెత్తి, "వేక్‌ఫీల్డు పాదిరి కథ యున్నది గదా! అది మన తెలుగు నవలకు పుట్టినిల్లు వంటిది" అని చెప్పి, అటుకమీదినుండి ఒక పాత ప్రతిని దించి దుమ్ము దులిపిరి.

నాకు ఆంగ్లము అంతగా రాదు. మావారు చదివి యర్థము చెప్పగా నేను విని, మఱునాడు ఆ పిల్లకు తెలుగున చెప్పుదును. ఆమె రాత్రి తన తండ్రికి చెప్పును. ఇట్లొక గ్రంథము మూడు నోళ్లు మారి ఒక వృద్ధుని చెవిని చేరినది. అట్లు చెప్పుకొనిన కథను మీకును వినిపింపవలెనని యీ వ్యాసము వ్రాయుచున్నాను.

ఈ నవలను రచించినవాడు ఆలివర్ గోల్డుస్మిత్తు. ఐర్లండు దేశమున ఒక పాదిరికి కుమారుడై పుట్టి, వైద్యము చదివి, దేశములు తిరిగి, తుదకు లండను నగరమున కలమును నమ్ముకొని బ్రదికెను. ధనమును సంపాదించుట కొంత యెఱుగును గాని నిలుపుకొనుట బొత్తిగా నెఱుగడు. ఒకప్పుడు ఇంటియద్దె చెల్లింపనందున ఇంటి యజమానురాలు ఆయనను భటులకు పట్టియిచ్చెను. ఆయన తన మిత్రుడగు సామ్యూల్ జాన్సను పండితునకు కబురంపెను. జాన్సను ముందుగా ఒక గినీ నాణెమును పంపి, వెనుక తానును వచ్చి చూచునప్పటికి, ఆ గినీతో ద్రాక్షసారాయి సీసా యొకటి తెప్పించుకొని గోల్డుస్మిత్తు కూర్చుండెనట! జాన్సను సీసాకు బిరడా బిగించి, ఋణము తీరు మార్గమేదని యడుగగా, ఆయన ఒక వ్రాతప్రతిని తీసి చూపెను. జాన్సను దానిని పుస్తకముల వర్తకునకు 60 పౌనులకమ్మి ఆ పైకము తెచ్చి యిచ్చెను. ఆ వ్రాతప్రతియే 1766వ సంవత్సరమున అచ్చుపడిన 'ది వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డు'. నాలుగేండ్లు గడచినపిమ్మట జర్మను మహాకవి గెటే విద్యార్థిగా నుండగా, హెర్డరు అను పండితుడు దీనిని ఆయనకు పైకి చదివి వినిపించెను. ఆ కవి యావజ్జీవము దీనిని మెచ్చుకొనెను. కావున ఈ కథను చెవితో వినినవారిలో మా ప్రక్కయింటి పెద్దాయన మొదటివాడు కాడు.

కథలోని పాదిరిపేరు ప్రిమ్‌రోజు. కథ చెప్పువాడును ఆయనయే. మంచివాడు, దైవభక్తుడు, దాత. కాని ఆయనకొక పిచ్చి కలదు. భార్య చనిపోయిన పాదిరి మరల పెండ్లాడరాదని ఆయన సిద్ధాంతము. ఆ వాదముపై పుస్తకములు వ్రాసి అచ్చువేయించెను. వానిని కొన్నవారు మిక్కిలి తక్కువ. అంతతో నిలువక, భార్య డెబోరా నిక్షేపముగా బ్రదికియుండగనే ఆమె సమాధిపై చెక్కింపదగిన స్తుతివాక్యములను వ్రాసి, చట్టము కట్టించి, ఇంటిలోని పొయ్యికి పైగా తగిలించెను! ఆమె తన కర్తవ్యమును మఱువకుండుటకు అది సహాయపడునని ఆయన నమ్మకము. సోదరీమణులారా, దినమునకు మూడుమారులు పొయ్యి యెదుట నిలుచుచు తన సమాధిఫలకమును తాను చదువుకొను ఇల్లాలిని తలంచుకొనుడు. ఆమె దానిని చింపి పొయ్యిలో వేయకపోవుటయే ఆమె పాతివ్రత్యమునకు తగిన నిదర్శనమని నేననగా, మావారు నవ్వి మరల నోటుపుస్తకములలో తల దూర్చిరి.

ఈ దంపతులకు ఆర్గురు సంతానము. పెద్దవాడు జార్జి. వానికిని ఆరబెల్లా యను కన్యకకును వివాహము నిశ్చయమయ్యెను. ఆ కన్యక తండ్రియు పాదిరియే. ఆయన ముగ్గురు భార్యలను పోగొట్టుకొని నాలుగవ పెండ్లికి ప్రయత్నించుచున్నాడు. ఆ సంగతి తెలియక మన పాదిరి తన సిద్ధాంతమును ఆయన ముందర నుపన్యసించి కయ్యము తెచ్చుకొనెను. ఆ వేళకే, ఏ వర్తకునియొద్ద తన ధనమంతయు దాచెనో ఆ వర్తకుడు పరారియైనట్లు వార్త వచ్చెను. పెండ్లి చెడెను, భాగ్యము పోయెను. ఏటికి 15 పౌనులు వచ్చు చిన్నపల్లెకు కుటుంబమంతయు తరలిపోవలసివచ్చెను.

ఇట్టి దుఃఖమును చెప్పుచు కూడ రచయిత మనలను నవ్వించుట మానడు. పేదరికము వచ్చినను డెబోరమ్మకును, కుమార్తెలు ఒలీవియా సోఫియాలకును పూర్వపు గొప్పదనముమీద భ్రమ పోలేదు. మొగమునకు వన్నె తెచ్చు లేపమేదో కుమార్తెలు పొయ్యిమీద కాచుచుండగా, తండ్రి నిప్పులు కుళ్లగించువానివలె నటించి దానిని ఒలకబోసెను. ఇంటి గుఱ్ఱపుపిల్లను సంతలో నమ్మి రమ్మని తెలివిగలవాడని పేరుపొందిన మోజెస్ అను కుమారుని పంపగా, వాడు వచ్చిన పైకముతో 144 జతల పచ్చ కండ్లద్దములు కొని తెచ్చెను. వెండి చట్టములని చెప్పినవి రాగికి పూసిన పూతయని తేలెను. వానిని మందలించిన తండ్రి, కొన్నాళ్లకు రెండవ గుఱ్ఱమును తానే తీసికొనిపోయి, సృష్ట్యాదిని గూర్చి గ్రీకుమాటలు వల్లించిన జెంకిన్సను అను దొంగపండితుని చేత అంతకన్న చక్కగా మోసపోయెను.

ఇంకొక వేడుక. పొరుగువారు తమ పటములు వ్రాయించుకొనిరని, వీరందఱును కలిసి యొకే పెద్దపటము వ్రాయించుకొనదలచిరి. తల్లి వీనస్ దేవత, పెద్దకుమార్తె యుద్ధవనిత, చిన్నకుమార్తె గొల్లపడుచు. పాదిరిగారు తన వివాహసిద్ధాంత గ్రంథములను వీనస్ దేవతకు సమర్పించుచుండును! పటము పూర్తియైన పిమ్మట చూడగా, అది యింటిలో నే ద్వారమునను పట్టదు. వంటయింటి గోడకు జేరవేయబడి, వచ్చిపోవువారందఱికిని వినోదమైపోయినది. నేటి పెండ్లిండ్లలో వధూవరులు రాజవేషములు ధరించి కోటలముందర ఫొటోలు దిగుట మీరు చూచుచున్నారు గదా! మనుష్యుని వెఱ్ఱి రెండువందలయేబదియేండ్లలో అంతగా మారలేదని తోచును.

ఇక ప్రేమ. ఆ పల్లెకు భూస్వామి థారన్‌హిల్లు అను యువకుడు. అందగాడు, మాటకారి, ధర్మమెఱుగనివాడు. ఆతడు ఒలీవియాను వలపించుకొనెను. అదే సమయమున బర్చెల్లు అను పేద బాటసారి ఆ యింటికి పరిచితుడై, ఏటిలో కొట్టుకొనిపోవుచున్న సోఫియాను ప్రాణములకు తెగించి కాపాడెను. సోఫియా మనస్సు ఆతనిపై నిలిచెను. తలిదండ్రులకు భూస్వామియొక్క బండ్లును వేటకుక్కలును కనబడినట్లు, బర్చెల్లుయొక్క మంచితనము కనబడలేదు. ఆతడు భూస్వామి సంగతి హెచ్చరింపగా, ఆతనినే దుర్మార్గుడని యెంచి యింటినుండి వెడలగొట్టిరి.

అటుపిమ్మట ఒకనాడు ఒలీవియా వెడలిపోయెను. ఇద్దఱు పురుషులతో బండియెక్కి పోయినదని చిన్నపిల్లవాడు పరుగెత్తుకొని వచ్చి చెప్పెను. పాదిరి కోపముచేత వణకి, తుపాకులు తెమ్మని కేకవేసి, ఆ మోసగానిని శపించెను. అప్పుడు మోజెస్ తండ్రి శపించిన సంగతిని మెల్లగా ఆయనకే చెప్పెను. నిజముగా శపించితినా యని వృద్ధుడు అడుగగా, రెండుమార్లని కుమారుడు బదులు చెప్పెను. తోడనే ఆయన తన్నును ఆ దుర్మార్గునిగూడ క్షమింపుమని దేవుని వేడుకొని, తుపాకులు మాని, బైబిలును చేతికఱ్ఱయు తీసికొని కుమార్తెను వెదకబోయెను. దండించుటకు గాదు, తిరిగి తెచ్చుటకు. ఈ మార్పంతయు నాలుగు మాటలలో జరిగిపోవును. ఇందలి భక్తి యంతయు నాకీ ఘట్టమున కనబడినది. ఆయన ప్రసంగములకన్న ఆ చేతికఱ్ఱ యెక్కువ బోధించినది.

ఈ ఘట్టము చెప్పిన మఱునాడు మా ప్రక్కయింటిపిల్ల మామూలుకన్న ముందుగా వచ్చి, "తరువాత నేమయ్యెనో నాన్నగారు ఇప్పుడే కనుగొని రమ్మన్నారు" అని చెప్పి, తల వంచుకొని మఱియొక సంగతి చెప్పినది. ఆమె కొక యక్క కలదు. రెండేండ్లక్రిందట, చిత్రములలో వేషమిప్పింతునని చెప్పిన యొకనిని నమ్మి ఇల్లు విడిచి పోయినది. వేషమును లేదు, పెండ్లియు లేదు. ఇప్పుడు కృష్ణానగరులో ఇంకొకతెతో కలిసి గదిలో నుండి, దుస్తులకు పూసలు కుట్టి పొట్టపోసికొనుచున్నది. మా యింటికిని ఆ గదికిని నడుమ దూరము స్వల్పమే. అయినను ఆమె పేరు ఆ యింట పలుకుట లేదు. ఆ పిల్ల పుస్తకమడుగుట వట్టి కాలక్షేపమునకు గాదని నేనప్పుడు గ్రహించితిని.

పాదిరి దారిలో జబ్బుపడి మూడువారములు మంచమున నుండెను. నాటకములవారితో కలిసి, ఉద్యోగము దొరకక వేషగాడైన తన జార్జిని రంగముపై జూచెను. కుమార్తెజాడ మాత్రము తెలియలేదు. నిరాశతో మరలివచ్చుచు ఒక సత్రమున దిగియుండగా, ఆ సత్రపుటిల్లాలు బాకీ చెల్లింపని యొక స్త్రీని జుట్టుపట్టి బయటికీడ్చుచుండెను. ఏడ్చుచున్న ఆ స్త్రీ కంఠము ఆయనకు తెలిసినది. పరుగున పోయి కుమార్తెను కౌగిలించుకొనెను. ఆమె తన వివాహము బూటకమనియు, ఆ భూస్వామి అంతకుముందే పలువురను ఇట్లే దొంగపెండ్లి చేసికొని విడిచెననియు చెప్పెను. ఆయన యామెను ప్రశ్నలతో వేధింపలేదు. తప్పు నీదియని యెంచలేదు.

ఆమెను త్రోవలోని యొక బసలో నుంచి, ఇంటివారికి ముందుగా చెప్పవలెనని నడిరేయి ఒక్కడే యిల్లు చేరెను. తలుపు తట్టిన క్షణముననే ఇల్లు మంటలలో చిక్కుకొనెను. ఇద్దఱు చిన్నబిడ్డలు లోపల నుండగా ఆయన జొరబడి వారిని ఎత్తుకొని వచ్చెను, చేయి కాలెను, ఇల్లు బూడిదయయ్యెను. అట్టి బూడిదలోనికి ఒలీవియా వచ్చెను. తల్లి యేమి చేసెను? అన్ని భోగములు చవిచూచిన దొరసానులకు మా పేదయిల్లు తగునా యని యెత్తిపొడిచెను. అంతవఱకు భార్యమాటకు ఎదురాడని ఆ వృద్ధుడు అప్పుడు కఠినముగా పలికెను: దారి తప్పిన బిడ్డను తెచ్చితిని, ఇకమీదట ఈ యింట ఆమెను నొప్పించుమాట వినబడరాదు, మనముకూడ క్షమింపబడవలసినవారమే యని యాయన భావము.

క్రైస్తవుల సువార్తలో తప్పిపోయిన కుమారుని కథ యొకటి కలదు. ఆస్తిలో తన పాలు పుచ్చుకొని దూరదేశమున పాడుచేసి, పందులను మేపుస్థితికి వచ్చి తిరిగివచ్చిన కొడుకును, తండ్రి దూరమునుండియే చూచి పరుగెత్తిపోయి కౌగిలించుకొనును. ఇంటనున్న పెద్దకొడుకు మాత్రము అలుగును. గోల్డుస్మిత్తు ఆ కొడుకుస్థానమున కూతురిని నిలిపెను. కొడుకు తిరిగివచ్చినచో లోకము విందు చేయును. కూతురు తిరిగివచ్చినచో వీథివారందఱును అలిగిన పెద్దకొడుకులే యగుదురు. మన పురాణములలోను శాపము క్షణములో తగులును, విమోచనమునకు యుగములు పట్టును. అహల్య శిలయై యుండినదెంతకాలము! ఈ పాదిరికి మాత్రము శాపమునకును క్షమకును నడుమ ఒక నిమిషము చాలినది.

తరువాతి కష్టములు సంగ్రహముగా చెప్పెదను. భూస్వామి బాకీకై పాదిరిని చెఱలో వేయించెను. అచ్చట ఆయన దొంగలకును త్రాగుబోతులకును ధర్మము బోధింపబూనగా, వారు పరిహసించి, ఆయన జేబులోని కండ్లద్దములు కాజేసిరి. ఆయన విసుగక కొన్నిదినములు బోధింపగా కొందఱు మారిరి. బోధతో పొట్ట నిండదని యెఱిగి, కొయ్యమేకులు చెక్కించి అమ్మించి, వారికి కూలి వచ్చునట్లు చేసెను. గుఱ్ఱము కాజేసిన జెంకిన్సను ఆ చెఱలోనే కనబడి పశ్చాత్తాపపడెను. అంతలో ఒలీవియా చనిపోయెనను వార్త. సోఫియాను దుండగులు ఎత్తుకొనిపోయిరను వార్త. జార్జి సంకెళ్లతో ఆ చెఱకే వచ్చుట. అంతటి దుఃఖమునను పాదిరి ఖైదీలను చేరబిలిచి, బాధపడువారికే దైవము సన్నిహితుడని బోధించెను.

పిమ్మట తెర లేచినట్లు అంతయు మారెను. బర్చెల్లు సోఫియాను విడిపించి తెచ్చెను. ఆతడు పేదవాడు కాడు. మారువేషముననున్న సర్ విలియము థారన్‌హిల్లు, ఆ దుష్టుని పినతండ్రి. దొంగపెండ్లికి దొంగపురోహితుని తెమ్మని నియోగింపబడిన జెంకిన్సను, ముందుముందు యజమానుని బెదిరించి సొమ్ము లాగవచ్చునను దురాలోచనతో నిజమైన పురోహితునే తెచ్చియుండెనట! కావున ఒలీవియా ధర్మపత్నియే. ఆమె బ్రదికియుండెను. ఒక దొంగతనము ఒక కన్యక గౌరవమును నిలిపినది. సోఫియాకు బర్చెల్లుతోను, జార్జికి ఆరబెల్లాతోను పెండ్లిండ్లు జరిగెను. వర్తకుడు పట్టుబడి ధనమును వచ్చెను. పెండ్లినాటి యుదయమున పీటలమీదికి ఎవరు ముందు రావలెనని వధువులు నీవంటే నీవని నవ్వుచు నిలిచిపోవగా, విసిగి పుస్తకము మూయబోయిన పాదిరిగారిని చూచి మనమును నవ్వుచు పుస్తకము మూయుదుము.

ఇన్ని సంఘటనలు ఒక్కదినమున కుదురుట కల్లయని విమర్శకులు చెప్పుదురు. అది నిజమే. కాని నాకు ముఖ్యముగ తోచినది వేఱొకటి. ఒలీవియా నిర్దోషియని రుజువగుట కథాంతమున. తండ్రి యామెను కౌగిలించుకొనుట అంతకు ఎంతయో ముందు. ఆమె చెడినదని లోకముతోపాటు తానును నమ్మినప్పుడే ఆయన చేయి చాచెను. రుజువు చూచి చేర్చుకొనుట న్యాయస్థానపు పని. రుజువు లేకయే చేర్చుకొనుట తండ్రి పని. ఈ నవలలోని విశ్వాసమన్నను విమోచనమన్నను ఇదియే.

ఇక ఈ కథ గోదావరి యొడ్డునకు వచ్చిన విధము వినుడు. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1848లో రాజమహేంద్రవరమున జన్మించిరి. ధవళేశ్వరమునను రాజమహేంద్రవరమునను ఉపాధ్యాయులుగా నుండిరి. 1874లో వివేకవర్ధనీ పత్రికను స్థాపించి, అందు 1878నుండి రాజశేఖర చరిత్రమును ప్రకటించిరి. 1880లో అది గ్రంథముగా వెలువడినది. అంతకుముందే 1872లో నరహరి గోపాలకృష్ణమసెట్టిగారి శ్రీరంగరాజ చరిత్రము వచ్చియుండినను, తెలుగు నవలకు త్రోవ తీర్చినది పంతులుగారి గ్రంథమే యని పెక్కుమంది యందురు. గోల్డుస్మిత్తు నవలయొక్క ఛాయలు తమ కథలో గలవని పంతులుగారు దాచలేదు. అట్లని యది అనువాదము కాదు. పాదిరి స్థానమున ధవళేశ్వరపు బ్రాహ్మణగృహస్థు రాజశేఖరుడుగారు, భార్య మాణిక్యాంబ, కుమార్తెలు రుక్మిణియు సీతయు. ఆయన ధనము ముఖస్తుతి చేయువారిచేతను, బంగారము చేసి యిచ్చెదనన్న బైరాగిచేతను హరించిపోవును. కుటుంబము కాశికి బయలుదేరి త్రోవలో దొంగలపాలగును. ఆయనకు చెఱయును తప్పదు. మారువేషమున తిరుగు పెద్దాపుర ప్రభువు తుదకు కాపాడును. జ్యోతిషము, దయ్యములు, మంత్రములు మొదలగువానిపై పంతులుగారు చేసిన హాస్యమునకు మా తాతగారుకూడ నవ్వుచుండెడివారు. 1887లో ఈ కథ 'ఫార్చూన్స్ వీల్' అను పేర ఆంగ్లమున ననువదింపబడి లండనులో వెలువడెను. అత్తింటికి పోయిన పిల్ల బిడ్డనెత్తుకొని పుట్టింటికి వచ్చినట్లు, ఆ కథ తిరిగి యింగ్లండు చేరినది.

అయితే పంతులుగారు ఒక్కదానిని మాత్రము ఏటికావలనే విడిచివచ్చిరి. రుక్మిణి తప్పు చేసినది కాదు. ఆమె చనిపోయెనని యింటివారు భ్రమింతురు. ఆమె భర్త చనిపోయెనని వార్త వచ్చును. కాని యిద్దఱును బ్రదికియే యుందురు. ఒలీవియా కథలోని ముల్లు ఇందు లేదు. కావున తండ్రి క్షమింపవలసిన పనియు లేదు. వితంతువునకు ఏమి దారియను ప్రశ్నయు, అల్లుడు తిరిగివచ్చుటచేత తప్పిపోయినది. కాని కథలో తప్పించుకొనిన ప్రశ్నను పంతులుగారు జీవితమున తప్పించుకొనలేదు. పుస్తకము వెలువడిన మఱుసటియేడే, 1881 డిసెంబరు 11వ తేదీన, రాజమహేంద్రవరమున మొదటి వితంతువివాహము జరిపించిరి. పరిచారకులు పని మానివేయగా, ఆయన సతీమణి రాజ్యలక్ష్మమ్మగారు తామే నీరు మోసి వంట చేసిరి. పెండ్లాము పోయిన పాదిరికే మఱుపెండ్లి కూడదన్న ప్రిమ్‌రోజుగారు ఆ పెండ్లిపందిరిలో నుండినచో ఏమి యుపన్యసించెడివారో!

మా ప్రాంతమువారు ముచ్చటించు చిత్రములలోను ఇట్టి తప్పించుకొనుట కలదు. 1955లో విజయావారు నిర్మించిన మిస్సమ్మలో నాయిక మేరి క్రైస్తవకన్య. ఉద్యోగముకొఱకు ఆమెయు ఒక హిందూయువకుడును దంపతులమని బొంకి, జమీందారు బడిలో ఉపాధ్యాయులగుదురు. సావిత్రియు రామారావును నటించిన ఆ హాస్యమునకు నేటికిని మా యింట అందఱమును నవ్వుదుము. కాని తుదకు మేరి ఆ జమీందారు తప్పిపోయిన కుమార్తె మహాలక్ష్మియే యని తేలి, రెండు మతముల చిక్కు దానంతట అదియే విడిపోవును. గోల్డుస్మిత్తు నిజమైన పురోహితుని తెచ్చినట్లు, చక్రపాణిగారు చిన్ననాడు తప్పిపోయిన బిడ్డను తెచ్చిరి. నవ్వించు కథలకు ఈ స్వాతంత్ర్యము ఉండవలసినదే. సంసారములలో మాత్రము జెంకిన్సనులు వచ్చి రుజువులు చూపరు. మారువేషపు ప్రభువులు తలుపు తట్టరు. అచ్చట మనకు మిగులునది ఆ పాదిరి నడిచిన నడక యొక్కటే.

మఱి యింత భారమైన విషయమును చెప్పుటకు నవ్వెందులకని యడుగుదురేమో. నాకు తోచినది చెప్పెదను. సమాధిఫలకము వ్రేలాడదీసినవాడు, గుఱ్ఱమునకు మోసపోయినవాడు, గుమ్మమున పట్టని పటము వ్రాయించుకొనినవాడు, కూతురు మోసపోయినప్పుడు 'నీ కంత తెలివి లేకపోయెనా' యని యడుగజాలడు. తానెన్నిమార్లు మోసపోయెనో ఆయన మనకు ముందే చెప్పుకొని నవ్వించెను గదా! తన వెఱ్ఱిని తలంచుకొని నవ్వగలిగినవానికి పరుల తప్పు క్షమించుట సులభము. తానెన్నడును తప్పనివాడని నమ్మినవాని గుమ్మమే యిరుకైనది.

ఆ కథ మా ప్రక్కయింట ఎనిమిది రాత్రులు నడచినది. పచ్చ కండ్లద్దములు వచ్చినచోట, తన నల్లని కండ్లద్దములు తడుముకొని పెద్దాయన బిగ్గరగా నవ్వినట్లు గోడకీవలనుండి నాకు వినబడినది. ఒలీవియా తిరిగివచ్చిన రాత్రి మాత్రము ఆ వాటా నిశ్శబ్దముగా నుండినది. ఆయన ఒక్కటే యడిగెనట: "తల్లి తరువాతనైనను మంచిగా మాటలాడినదా?" పుస్తకమున దానిని విరివిగా చెప్పలేదని పిల్ల చెప్పగా, అంతవఱకు తలుపుచాటున నిలిచియుండిన ఆయన భార్య, "మాటలాడకయేమి, కన్నతల్లి గదా!" అని చెప్పి లోపలికి పోయినదట.

ఆ ఘట్టమును మఱునాడు మరల చెప్పించుకొనిరి. ఆదివారము గుడినుండి వచ్చిన పిమ్మట, పెద్దదానికి ఫోను చేయుమని చిన్నపిల్లతో ఆయనయే చెప్పెను. ఏమి చెప్పవలెనని పిల్ల యడుగగా, "కన్నులు బాగుపడినవని చెప్పు. చూడవలెనని యున్నదని చెప్పు" అనెనట. ఆమె వచ్చునో రాదో నేనెఱుగను. రెండేండ్ల మౌనము ఒక్క మాటతో తీరునది కాదు. కాని ఆ పిల్ల నిన్న మరల మా యింటికి వచ్చి, "అక్కా, ఆ పుస్తకము ఇంకొకమారు మొదటినుండి చెప్పుదురా? మా యక్క వచ్చినచో వినవలెను గదా" అని యడిగినది. మావారు అటుకమీద పెట్టబోవుచున్న ప్రతిని మరల బల్లమీద నుంచిరి.